గోరింక సగం విన్న మాట

అనగనగా ఒక అడవిలో ఎవరి భాష వాళ్ళదే. కుందేలు మాట కోతికి తెలియదు, లేడి మాట పందికి తెలియదు. ఆ అడవంతటికీ ఒక్కటే వైద్యశాల. వైద్యుడు ఎలుగుబంటి. హస్తవాసి చాలా మంచిది. కానీ పాపం, తన భాష తప్ప ఇంకోటి రాదు. అందుకని రోగుల మాట ఎలుగుబంటికీ, ఎలుగుబంటి మాట రోగులకీ ఒక గోరింక కొమ్మ మీద కూర్చుని చెబుతుండేది. దానికి అన్ని భాషలూ వచ్చు. ఎవరూ నేర్పలేదు. చెట్టూ పుట్టా తిరిగి, వినీ వినీ పట్టేసింది.

ఆ ఏడు ముసురు పట్టి అడవంతా జ్వరాలు. తెల్లారేసరికి వైద్యశాల ముందు పెద్ద బారు. గోరింకకి గుక్కెడు నీళ్ళు తాగే తీరిక లేదు. గొంతు బొంగురుపోయింది. రెక్కలు వేలాడిపోయాయి. ఎవరు నోరు తెరిచినా ‘అబ్బా, మళ్ళీ అదే గోలా!’ అనిపించేది.

ఒకరోజు కుందేలు వచ్చింది. తను ఎందుకు బయలుదేరిందో, దారిలో ఎవరెవరు కలిశారో మొదలుపెట్టింది. గోరింక మధ్యలోనే ఆపి, "కాలు బెణికిందట" అంది. నిజంగానే కాలు బెణికింది.

తర్వాత కోతి పొట్ట పట్టుకుని వచ్చింది. అది నోరు తెరవకముందే గోరింక, "పచ్చికాయలు తిన్నదట" అనేసింది. అదీ నిజమే.

‘వీళ్ళు చెప్పేదాకా వినాలా ఏమిటి? నాకు తెలియదూ!’ అనుకుంది గోరింక.

మూడోదిగా లేడి వచ్చింది. జ్వరం పట్టిన దాని బిడ్డ కదల్లేక పొదలోనే ఉండిపోయింది.

"మీరిచ్చిన మందు వేశానమ్మా. నిన్నంతా ఒళ్ళు కాలిపోయింది. పొద్దుటి నుంచి చల్లబడింది..." అంటూ లేడి ఇంకా ఏదో చెప్పబోయింది.

గోరింక అప్పటికే అటు తిరిగి, "జ్వరం తగ్గిందట" అంది.

"మంచిదే. మందు ఆపెయ్యమను. బిడ్డని పడుకోనివ్వమను, లేపొద్దను" అంది ఎలుగుబంటి.

గోరింక ఆ మాట చెప్పగానే లేడి తెల్లబోయింది. "లేపొద్దా? పాలకి కూడా లేవడం లేదమ్మా!"

"వైద్యుడుగారు చెప్పారు కదా, వెళ్ళు తల్లీ. నీ వెనక ఎంతమంది ఉన్నారో చూడు" అని విసుక్కుంది గోరింక.

లేడి వెళ్ళిపోయింది. పంది వచ్చి తన బాధ మొదలుపెట్టింది. గోరింక చెవిన అది పడలేదు. పాలకి కూడా లేవడం లేదన్న మాటే వినిపిస్తోంది. జ్వరం తగ్గినా ఒళ్ళు చల్లబడుతుంది. ప్రాణం పోయే ముందూ చల్లబడుతుంది. లేడి చెప్పింది ఏది?

ఇంతమందిలో తప్పు ఒప్పుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? ఒప్పుకోకపోతే ఆ పసిదాని గతేమిటి?

"వైద్యుడుగారూ! నేను తప్పు చెప్పాను. లేడి మాట చివరిదాకా వినలేదు. ముందు పదండి!" అని అరిచింది గోరింక.

ఎలుగుబంటి మూలికల మూట పట్టుకుని గోరింక వెంట పరుగెత్తింది. పొదలో లేడిపిల్ల మంచుముద్దలా పడి ఉంది. ఎలుగుబంటి దాన్ని తన బొచ్చులో పొదువుకుని, చుక్క చుక్కగా మందు పోసింది. పొద్దు వాలుతుండగా పిల్ల కళ్ళు తెరిచింది.

"నేను సరిగ్గా చెప్పలేకపోయానా అమ్మా?" అని ఏడుస్తూ అడిగింది లేడి.

"నువ్వు సరిగ్గానే చెప్పావు తల్లీ. నేనే సరిగ్గా వినలేదు" అంది గోరింక. దానికీ ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఎలుగుబంటి, "భాష వస్తే చాలనుకున్నాను, నాదే బుద్ధితక్కువ. ఈ పని నేర్చుకుని చెయ్యాలి. ఒక్క గొంతు మీద ఇంత బరువు పెట్టకూడదు" అని నాలుగు దిక్కులా కబురు పెట్టింది. చిలుక, పాలపిట్ట, పికిలిపిట్ట వచ్చాయి. గోరింకే వాటికి నేర్పింది.

"చివరిదాకా వినండి. అన్నది అన్నట్టు చెప్పండి. అర్థం రెండు రకాలుగా తోస్తే అడగండి."

"అంత బారు ఉంటే అడుగుతూ కూర్చోగలమా అక్కా?" అంది చిలుక.

"కష్టమే. అయినా అడగాలి."

"మరి అలిసిపోతే?"

గోరింక బొంగురుగానే జవాబు చెప్పింది. దాని గొంతు ఇంకా బాగుపడలేదు.

"అలిసిపోయానని చెప్పి కొమ్మ దిగిపోండి. ఇంకొకరు ఎక్కుతారు. ఆ లేడిపిల్ల బతికింది కాబట్టి మీకిలా చెబుతున్నాను. బతక్కపోయుంటే నాకు ఏ భాషలోనూ మాట పెగిలేది కాదు."

నీతి: ఎదుటివారి బాధను వారి నోటివెంట పూర్తిగా వినాలి, మన అలసటతో ఊహించి చెబితే అది వారి ప్రాణం మీదికి వస్తుంది.