దుబాసీ వరహాలయ్య వేసిన మూడు పన్నులు

దిండు సర్దుకో తల్లీ. ఈ కథ తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

అనగనగా నాగావళి ఒడ్డున ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒకామె ఉండేది. ఆమెకి ఒక పాడిగేదె, తల్లి లేని మనవరాలు ఒకతి. ఆ గేదె పాలే ఆ పసిదాని ప్రాణం.

అప్పట్లో మనల్ని తెల్లదొరలు ఏలేవాళ్ళు. ఊరి పక్కన ఒక దొర డేరా వేశాడు. వాడి వెంట వరహాలయ్య అని ఒక దుబాసీ. దొర మాట మనకీ, మన మాట దొరకీ చెప్పేవాడన్నమాట. వచ్చీరాని ఇంగ్లీషు, పొట్టనిండా దురాశ.

మొదట వాడు కోళ్ళ కోసం వచ్చాడు. "స్లగబెడ్! దొరగారి హుకుం. అంటే ఇంటికో కోడి" అన్నాడు. జనం భయపడి ఇచ్చేశారు. ఆ తర్వాత నెయ్యి కోసం వచ్చాడు. "కాకలోరం! అంటే ఇంటికో ముంత నెయ్యి" అన్నాడు. అదీ ఇచ్చారు. అప్పుడు తిన్నగా పైడమ్మ గుమ్మంలోకొచ్చి, "లిక్‌స్పిటిల్! అంటే పాడిగేదె" అని పలుపు విప్పేశాడు.

పైడమ్మ కాళ్ళావేళ్ళా పడింది. "పసిగుడ్డు పాలకేడుస్తాది బాబూ" అంది. వింటేగా, సచ్చినోడు! ఆ పూట పసిదానికి గంజినీళ్ళు పట్టింది. అది ఉమ్మేసింది. అప్పుడు పైడమ్మకి ఏడుపు పోయి కోపం వచ్చింది.

ఆ ఊరి ఆడవాళ్ళకో అలవాటుంది. కడుపులో ఏ బాధ ఉన్నా ఊడ్పుల పాటలో పెట్టేస్తారు. ఒకతి అందుకుంటుంది, మిగతావాళ్ళు అదే తిప్పి పాడతారు. మర్నాడు మడిలో దిగి పైడమ్మ అందుకుంది.

"స్లగబెడ్డంటే కోడి పాయె, కాకలోరమంటే నెయ్యి పాయె, లిక్‌స్పిటిలంటే గేది పాయె!"

మడంతా ఒక్క గొంతుతో తిప్పి పాడింది.

అప్పుడే గట్టు మీద దొర గుర్రమెక్కి పోతున్నాడు, వెనకాల వరహాలయ్య. దొర గుర్రం ఆపాడు. ఆ మాటలు మీకెవరు నేర్పారని ముక్కలు ముక్కలుగా తెలుగులో అడిగాడు.

పైడమ్మ బురద చేత్తో వరహాలయ్యని చూపించింది. "ఈడే! నీ హుకుమని చెప్పి మా నోటికాడ కూడు లాక్కున్నాడు" అంది.

దొర విరగబడి నవ్వి, ఆ మాటలకి అర్థం చెప్పాడు. అవి హుకుములూ కావు, పాడూ కావు. వాళ్ళ తాతలనాటి తిట్లు. స్లగబెడ్ అంటే బారెడు పొద్దెక్కినా మంచం దిగనివాడు. కాకలోరం అంటే తనంతవాడు లేడని విర్రవీగే పొట్టివాడు. లిక్‌స్పిటిల్ అంటే, థూ, పెద్దవాళ్ళ ఉమ్మి నాకేవాడు. దొర రోజూ వరహాలయ్యని తిట్టే తిట్లే అవన్నీ! అర్థం తెలీక వాడు తను తిన్న తిట్లనే ఊరిమీద పన్నులుగా వేశాడు.

పైడమ్మకి నవ్వు రాలేదు. గట్టెక్కి గుర్రం కళ్ళెం పట్టుకుంది.

"నవ్వుతావేటి దొరా? నీ నోటి తిట్టుకి నా మనవరాలు పస్తుంటాది. ముందు నా గేదినిప్పించు!"

మడిలో ఆడవాళ్ళంతా నడుములెత్తి నిలబడ్డారు. దొర నవ్వు ఆగిపోయింది.

దొర గదిమితే వరహాలయ్యే పలుపు పట్టుకుని గేదెని తోలుకొచ్చాడు. దారిపొడుగునా పిల్లలు ఆ మూడు మాటలతోనే వాణ్ణి పిలిచారు, ఈసారి అర్థం తెలిసి. కోళ్ళూ నెయ్యీ మాత్రం రాలేదు, తినేశారుగా. ఆ కోపం పైడమ్మకి పోలేదు. నాకూ పోలేదు.

కథ వెళ్ళింది కంచికి,
గేదె వచ్చింది ఇంటికి,
పాలు పసిదాని నోటికి,
నిద్ర నీ కంటికి.