నాంచారవ్వ తిరగలి

అనగనగా ఒక కోట. కోటలో రాజుగారి సంగతి మనకెందుకు గానీ, కోటగోడ బయట ఒక పేట ఉండేది. దాని సంగతి చెప్పుకుందాం. రాళ్లు మోసేవాళ్లు, సున్నం దంచేవాళ్లు, గాజులమ్మేవాళ్లు, అంతా కూటి కోసం వచ్చినవాళ్లే. ఒకింట్లో తెలుగు, పక్కింట్లో ఉర్దూ, ఎదురింట్లో అరవం. పోట్లాట వస్తే మాత్రం అందరి తిట్లూ అందరికీ అర్థమయ్యేవి.

ఆ పేటకు ఒక భయం ఉండేది. దిగులుతో ఎవరైనా పని మాని, మాట మాని కూర్చుంటే "మతి పోయింది" అని కోట కావలి తలారులు వచ్చి పట్టుకెళ్లేవాళ్లు. ఊరవతల పాడుబడ్డ సత్రంలో వదిలేసేవాళ్లు. అలా పోయినవాళ్లు తిరిగి రాలేదు.

ఆ పేటలోనే నాంచారవ్వ ఉండేది. ఇంటింటి జొన్నలూ తెచ్చుకుని పిండి విసిరేది. ఆమెకున్నవి ఒక గుడిసె, ఒక చేట, ఒక తిరగలి.

గాజుల దస్తగిరికి పెళ్లాం పోయింది. గాజుల మలారం మూలన పడేసి కూర్చున్నాడు. తలారులకు కబురు అందిందని పేటంతా గుసగుసలు. నాంచారవ్వ అతని గుమ్మం ముందుకెళ్లింది.

"దస్తగిరీ, నా ఒక్క చేతికి తిరగడం లేదు. ఓ చెయ్యి వెయ్యి నాయనా."

పలకలేదు. మర్నాడు మళ్లీ వెళ్లింది. పలకలేదు. మూడోనాడు తిరగలినే దొర్లించుకుంటూ తెచ్చి అతని గుమ్మంలో పెట్టి కూర్చుంది.

"నా ఒక్క చేతికి తిరగడం లేదు. ఓ చెయ్యి వెయ్యి నాయనా."

పేటంతటికీ పిండి విసిరిన చెయ్యి అది! పచ్చి అబద్ధం. ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం దేవుడు పాపాల లెక్కలో వేసుకోలేదని మా మేనత్త అనేది.

దస్తగిరి వచ్చి పిడి పట్టుకున్నాడు. వీధిలో ఆడవాళ్లు కిసకిసా నవ్వారు.

"ఏమయ్యో, మీసాలకు పిండంటింది!"

"మీ మొగుళ్లనూ పంపండే, జొన్నలు ఇంకా ఉన్నాయి" అంది అవ్వ.

తిరగలి దగ్గర ఎదురెదురుగా కూర్చున్నా, కళ్లు పిండి మీదే ఉంటాయి. దస్తగిరి ఒక పిడికెడు పోశాడు, ఒక మాట అన్నాడు. ఇంకో పిడికెడు, ఇంకో మాట. మూడో పిడికెడుకి భోరుమన్నాడు. అవ్వ నీతులేమీ చెప్పలేదు. "ఊఁ" అంటూ తిప్పింది. తలారులు వచ్చేసరికి అతను పిండి జల్లిస్తున్నాడు. పని చేసుకునేవాణ్ణి ఏమని పట్టుకెళ్తారు? వచ్చిన దారినే పోయారు.

అలా ఎంతమందో ఆ పిడి పట్టుకున్నారు. కొన్నాళ్లకు నాంచారవ్వ కాలం చేసింది.

పేటవాళ్లు ఏడ్చారు. తిరగలిని కడిగి, అరుగు మీద పెట్టి, పసుపు రాసి బొట్టు పెట్టారు. ఒకరు కొబ్బరికాయ కొట్టారు, ఒకరు ఊదు వేశారు, ఒకరు దీపం పెట్టారు. పూజ మంచిదే, నేను కాదనను. కానీ ఆ తిరగలి మీద విసరడం మానేశారు.

అంతలో సున్నం దంచే సెంగమ్మకు బిడ్డ పోయింది. మాట మానేసింది. ఆమెచేత తిరగలి ముందు మూడు దీపాలు పెట్టించారు. రాయి పలకలేదు, సెంగమ్మా పలకలేదు. తలారులు వీధి మొదట్లోకి వచ్చేశారు.

దస్తగిరి అరుగెక్కి తిరగలిని దించాడు.

"అయ్యో, అపచారం!" అన్నారు జనం.

"అవ్వ దీన్ని దణ్ణాల కోసం పెట్టుకుందా?" అంటూ సెంగమ్మ గుమ్మంలోకి మోసుకెళ్లాడు. "చెల్లెమ్మా, నా ఒక్క చేతికి తిరగడం లేదు. ఓ చెయ్యి వెయ్యి."

పలకలేదు. మళ్లీ అడిగాడు. పలకలేదు. మూడోసారి అడుగుతూ, ఒంటిచేత్తో జొన్నలు పోయబోయి సగం నేలపాలు చేశాడు. సెంగమ్మ చూసి చూసి, తన అరవంలోనే ఏదో కసిరి, చెయ్యి చాచి పిడి పట్టుకుంది.

తలారులు గుమ్మం ముందు నిలబడిపోయారు. వాళ్లలో ఒకడు తలపాగా తీసి పక్కన పెట్టాడు. "అన్నా, కాసేపు నేనూ పట్టనా?" అన్నాడు.

ఆ తర్వాత సత్రానికి ఎవర్నీ తీసుకెళ్లలేదు. ఖాళీ పడ్డ సత్రం రాళ్లు తెచ్చి వీధికో తిరగలి చెక్కించారు.

ఇప్పుడు పిండిమరలు వచ్చాయి. అయినా ఆ పేటలో దిగులుగా ఉన్న మనిషిని "ఏమైంది?" అని ఎవరూ అడగరు. తిరగలి తెచ్చి ముందు పెట్టి, "నా ఒక్క చేతికి తిరగడం లేదు" అంటారు. ఆ పిండితో కాల్చిన మొదటి రొట్టె నాంచారవ్వ పేరన తుంచి, పిడి పట్టిన ఇద్దరికీ చెరో ముక్క పెడతారు.

కథ తిరగలికీ, మనం రొట్టెలకీ.