ముత్యాలమ్మ ఊట

పిల్లలూ, మీ ముత్తవ్వ పేరేమిటో మీలో ఎవరైనా చెప్పగలరా? ఎర్రయ్యకు తన ముత్తవ్వ పేరు తెలుసు. ఆ పేరొక్కటే పట్టుకుని సముద్రం దాటి వచ్చాడు.

పూర్వం మహాక్షామం ఈ తీరమంతటినీ దహించిన కాలంలో, పరదేశపు ఓడలు రేవుల్లో ఆగి మనుషులను కొని దీవులకు తరలించుకుపోయేవి. అలా తొమ్మిదోయేట పోయి, ముప్పైయేళ్లు దాస్యం చేసి, విముక్తి పొంది, అక్కడే కన్నుమూసిన ముత్యాలు అనే స్త్రీకి మునిమనవడు ఈ ఎర్రయ్య. అతని చేతిలో ఉన్నది ఆమె విడుదల పత్రపు నకలు. అందులో పేరుంది, గడ్డం మీది మూడు పచ్చబొట్టు చుక్కల ప్రస్తావన ఉంది. ఊరు రాయవలసిన చోటు మాత్రం ఖాళీ.

అందుచేత అతడు రేవు రేవునా వంశావళులు పాడేవారిని ఆశ్రయిస్తూ ఏడేళ్లు తిరిగాడు. నల్లరేవులో మాలకొండయ్య అనే గాయకుని నోట ఆ పేరు వినిపించింది గాని, వెంటనే "తొమ్మిదోయేట మశూచితో గతించెను" అని కూడా వినిపించింది. చచ్చిన పిల్ల దీవికెలా పోతుందని నిట్టూర్చి సాగిపోయాడు. తక్కిన రేవులన్నీ అయిపోయాక, దిక్కుతోచక, మళ్లీ నల్లరేవుకే వచ్చి, ఆ వంశావళి ఎవరిదో వాళ్ల ఇంటి గుమ్మంలో నిలిచాడు.

"చచ్చినదాని కోసం ఎందుకొచ్చావయ్యా?" అని కసిరింది ఆ ఇంటి పెద్ద సూరమ్మ. ఆమె గడ్డం మీదా అవే మూడు చుక్కలున్నాయి! అతడు వచ్చీరాని తెలుగులో పత్రం చదివి వినిపించేసరికి ఆమె తన గడ్డం మీది చుక్కలు తడుముకుంది.

"చావలేదయ్యా. మా తాతే కన్నకూతుర్ని అమ్మేశాడు. ఆ సిగ్గుకి వంశావళిలో చచ్చిందని పాడించాం."

అయితే ఒకసారి పాడిన చావును గాయకుడు తనంతట మార్చరాదు. ఇంటిపెద్ద మోకాటిలోతు సముద్రంలో నిలిచి, ఊరందరి ఎదుట తప్పు ఒప్పుకోవాలి; అది ఆచారం.

"ఒప్పుకుంటే మా ఇంటికి పిల్లనెవరిస్తారు?" అంది సూరమ్మ.

"ఒప్పుకోకపోతే ఆమెకు ఇల్లే లేదవ్వా," అన్నాడు ఎర్రయ్య.

మూడు రోజులు ఆమె తలుపు తీయలేదు, అతడు గుమ్మం విడవలేదు. నాలుగోనాడు సూరమ్మ ఊరిని వెంటబెట్టుకుని సముద్రంలోకి నడిచి, అక్కడ కెరటాల్లో నిలిచిన నల్లరాతిని పట్టుకుని, "ముత్యాలు చావలేదు! మేమే అమ్ముకున్నాం!" అని ఎలుగెత్తింది. ఆ క్షణాన రాయి చీలి, ఉప్పు కెరటాల నడుమ తియ్యని నీరు ఉబికింది.

అదే నేటికీ మనం దోసిట పట్టి తాగే ముత్యాలమ్మ ఊట. మాఘపౌర్ణమినాడు స్నానానికి వచ్చిన ఆడవాళ్లు అక్కడ నిలిచి, తమ ఇంట ఎవరూ తలవని ఆడపిల్ల పేరొకటి గట్టిగా పలుకుతారు. ఇక సూరమ్మ ఇంటి వంశావళిలోనంటారా, "ముత్యాలు పుట్టెను, అమ్ముడుపోయెను, విడుదలయ్యెను, ఇంటికి వచ్చెను" అని పాడతారు. ఆమె రాలేదు కదా అని నేనూ చిన్నప్పుడు అడిగాను. మాలకొండయ్య వారసుడు నవ్వి, "ఆమె పేరు వచ్చింది కదమ్మా, మరి ఇన్నాళ్లూ ఆమె ఎదురుచూసింది దేనికి?" అన్నాడు.

సరే, లేవండి. చింతపండు గింజలు తీయడం సగంలో ఉంది, ఎండపొద్దుండగానే ముగించుకొస్తాను.