ఎండని వడియాలు

బొబ్బిలిలో నీలాద్రిరావు అనే రచయిత ఉండేవాడు. ఆయన రాయని విషయమంటూ లేదు గానీ, ఎవరినైనా ఒక్క మాట అడిగి తెలుసుకునే అలవాటు మాత్రం ఆయనకు లేదు.

ఒక వారపత్రికలో ఆయన 'నిత్య జీవితం' అనే శీర్షిక నడిపేవాడు. కాలం విలువ, ఓపిక, మంచితనం, ఇరుగుపొరుగు, ఇలా వారానికొకటి రాసేవాడు. మెచ్చుకుంటూ జిల్లా నలుమూలల నుంచీ ఉత్తరాలు వచ్చేవి. ఇరుగుపొరుగు గురించి అంత బాగా రాసిన మనిషికి పక్కింటాయన పేరు తెలియదన్న సంగతి మాత్రం పాఠకులకు తెలియదు పాపం.

ఉగాది వెళ్ళిన వారం, ఒక సాయంత్రం ఆయన కాలం గురించి రాయడానికి కూర్చున్నాడు. వంటింట్లోంచి టప్ టప్‌మని నీళ్ళ చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది.

"సుభద్రా, ఏమిటా చప్పుడు? నా ఆలోచన తెగిపోతోంది" అని భార్య మీద విసుక్కున్నాడు.

"గుమ్మడికాయ వడియాలకండీ. రేపు పొద్దున..." అని ఆవిడ చెప్పబోయింది.

"సరే సరే, ఆ తలుపు వెయ్యి" అన్నాడు.

తలుపు పడింది. కానీ వడియాలన్న మాట ఆయనకు భలే నచ్చింది. వెంటనే కలం పరుగెత్తింది. "బూడిద గుమ్మడికాయను పొద్దున్నే తరగండి. ముక్కలను రుబ్బిన మినప్పిండిలో కలపండి. మధ్యాహ్నానికల్లా మేడ మీద గుడ్డ పరిచి పెట్టేయండి. ఒక్క పూట పని, ఏడాదంతా రుచి. కాలాన్ని ఎండబెట్టి దాచుకోవడమంటే ఇదే!" అని రాశాడు. చివరి వాక్యం తనకే ముద్దొచ్చి రెండుసార్లు చదువుకున్నాడు.

అది అచ్చయిన మూడు వారాలకు, ఒక ఉదయం గుమ్మంలో ఒక ముసలాయన నిలబడ్డాడు. ఆయన చేతిలో మడతపెట్టిన పాత చీర ఉంది.

"దండాలు బాబూ. నా పేరు గున్నయ్య. ఈ ఊళ్ళోనే పోస్టుమ్యాన్‌గా చేసి రిటైరయినాను. మీ శీర్షిక ఒక్క వారం కూడా వదలను" అన్నాడు.

నీలాద్రిరావు పొంగిపోయి కుర్చీ చూపించాడు. గున్నయ్య కూర్చోలేదు. చీర మడత విప్పాడు. గుడ్డంతా అతుక్కుపోయిన పిండి చారలు, వాటి మీద నల్లటి బూజు. పుల్లటి వాసన గుప్పుమంది.

"మా ఇంటిది సూరమ్మ పోయి ఆర్నెల్లయింది బాబూ. అది పెట్టిన పాదుకి కాసిన ఆఖరి కాయ ఇది. పాదు కూడా ఎండిపోయింది. దాని వడియాల రుచి ఇంకొక్కసారి చూడాలని ఆశపడ్డాను. మీరు రాసినట్టే చేసినాను. ఎక్కడ పొరపాటు చేసినానో చెప్తారా?" అని అడిగాడు.

ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నాడు. 'ఎండ చాలలేదేమో' అన్న మాట నీలాద్రిరావు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ చీర చూసి మింగేశాడు.

"నాకు తెలియదు గున్నయ్య గారూ. వడియాలు పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. చూడకుండానే రాశాను" అన్నాడు.

గున్నయ్య తెల్లబోయాడు. "అచ్చులో వచ్చింది కదా బాబూ!" అన్నాడు.

నీలాద్రిరావుకు తల కొట్టేసినట్టయింది. లోపలికి తిరిగి, పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో మొదటిసారి, "సుభద్రా, వడియాలు ఎలా పెడతారు?" అని అడిగాడు.

సుభద్ర వచ్చి చీర చూడగానే సంగతి గ్రహించింది. "ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి, మూటగట్టి, పైన బరువుకి రుబ్బురోలు పొత్రం పెట్టాలి. తెల్లారేదాకా నీరంతా కారిపోవాలి. ఆ నీరు పోకపోతే పిండి జారిపోతుంది, ఎన్ని ఎండలు కాసినా ఆరదు" అంది. భర్త వైపు తిరిగి, "ఆ వేళ మీరు తలుపు వెయ్యమన్న చప్పుడు అదేనండీ" అంది.

నీలాద్రిరావు సిగ్గుతో తల దించుకున్నాడు. తర్వాత కాగితం తెచ్చుకుని అడగడం మొదలుపెట్టాడు. ఉప్పు ఎంత? పప్పు ఎంతసేపు నానాలి? వడియాలను ఎప్పుడు తిరగెయ్యాలి? అడిగేకొద్దీ ఇంకా అడగాలనిపించింది.

సుభద్ర నవ్వి, "ముందు గింజలేం చేశారో గున్నయ్య గారిని అడగండి" అంది.

"గిన్నెలు తోమే చోట పారబోసినానమ్మా" అన్నాడు గున్నయ్య.

ముగ్గురూ గున్నయ్య పెరట్లోకి వెళ్ళి చూశారు. తడి మట్టిలో రెండు లేత మొలకలు కనిపించాయి. గున్నయ్య అక్కడే గొంతుక్కూర్చుని, "వచ్చినావే సూరమ్మా" అన్నాడు.

తర్వాతి సంచికలో నీలాద్రిరావు "నేను రాసింది తప్పు" అని ఒప్పుకుని, సరైన పద్ధతిని సుభద్ర పేరుతో వేయించాడు. అప్పటి నుంచి రోజూ పాదు చూడటానికి వెళ్ళేవాడు. తీగ ఎటు పాకింది, పిందె ఎన్నాళ్ళకు బూడిద కట్టింది, అన్నీ అడిగేవాడు. ఆ ఊపులో పక్కింటాయన పేరు కూడా అడిగి తెలుసుకున్నాడు.

కాయ ముదిరింది. మాఘమాసపు ఎండలు రాగానే గున్నయ్య దాన్ని తెచ్చి ఇచ్చాడు. నీలాద్రిరావు తనే పొత్రం ఎత్తి మూట మీద పెట్టాడు. టప్ టప్‌మని చుక్కలు పడుతుంటే పక్కనే పీట వేసుకుని విన్నాడు.

నాలుగు ఎండలయ్యాక సుభద్ర వేయించి పెట్టిన మొదటి వడియాన్ని గున్నయ్య కొరికాడు. "ఉప్పు కాస్త ఎక్కువైంది బాబూ. సూరమ్మకీ ఎప్పుడూ ఎక్కువే అయ్యేది" అని కళ్ళు తుడుచుకుని ఇంకొకటి అందుకున్నాడు.

నీతి: చూడనిదాన్ని చూసినట్టు చెబితే నమ్మినవాళ్ళు నష్టపోతారు, తెలియనిదాన్ని అడిగి తెలుసుకోవడం ఎవరికీ చిన్నతనం కాదు.