మొలతాటికి మూడు ముళ్లు

పేరిశాస్త్రి గారు శిష్యుల ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పేవారు కారు, చెప్పులేసుకుని లేచేవారు. ఆయనంటే అల్లాటప్పా డాక్టరు కాదు. క్యాన్సరు లెక్క తీయడానికి ఇరవయ్యేళ్లు జిల్లా అంతా ఆయన తొక్కిన సైకిలు, పైకి తిప్పి తొక్కి ఉంటే చంద్రమండలం చూసి భోజనాల వేళకి తిరిగొచ్చేది. వీధి మొదట్లో ఆయన గంట కొడితే వీధి చివరి అజీర్తులు లేచి నిలబడేవి. అంతటి వాడు!

అలాంటి గురువును ఒక ఉదయం యువ డాక్టరు ఇన్నయ్య అడిగాడు: "మన జిల్లాలో కడుపు క్యాన్సరు ఏడాదికి లక్షకు ముగ్గురేనని తమరే తేల్చారు. మరి కడుపునొప్పన్న ప్రతివాడికీ నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూడాలా, గురువుగారూ?"

అడగడానికి కారణం ఉంది. గంట క్రితమే చౌడయ్య అనే నేతగాడికి గ్యాస్ మాత్రలిచ్చి పంపాడు. ఉగాది తర్వాత అది మూడోసారి. ఈసారి చౌడయ్య నొప్పి ఊసెత్తలేదు. "రెండు ముద్దలకే నిండిపోతోంది బాబూ" అన్నాడు. ఆ మాట ఇన్నయ్యను వదలడం లేదు. లక్షకు ముగ్గురే, ముగ్గురే అని లోలోపల జపం చేసుకుంటున్నాడు.

గురువు చెప్పులేసుకున్నారు. "ఎవరింటికి?" అని మాత్రం అడిగారు.

వెళ్లేసరికి చౌడయ్య మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. గురువు స్టెతస్కోపు తీయలేదు. "కాస్త లేచి, మొలతాడు చూపించవయ్యా" అన్నారు. చౌడయ్య సిగ్గుపడ్డాడు. భార్య నాంచారమ్మ కిసుక్కున నవ్వింది.

"ఉగాదికి కొత్తది కట్టుకున్నాడండీ. నడుం మీద నిలిస్తేగా! జారినప్పుడల్లా నేనే బిగించి ముడేస్తున్నా. పెళ్లినాడు నాకు మూడేశాడుగా, ఇన్నాళ్లకి నేనూ మూడూ వేసేశాను! పొట్ట తగ్గి కుర్రాడిలా అయ్యాడని వీధంతా ఒకటే మెచ్చుకోలు."

ఇన్నయ్యకు నవ్వు రాలేదు. ఆ నల్లతాడు అతనికి కొత్త కాదు. కడుపు నొక్కి చూడటానికి అడ్డమొస్తోందని, మూడుసార్లూ తన వేళ్లతో తనే దాన్ని కిందికి జరిపాడు.

"రేపు పరగడుపున రా. గొట్టం వేసి చూద్దాం. ఈయనే దగ్గరుండి చేయిస్తాడు" అన్నారు గురువు.

నాంచారమ్మ నవ్వు ఆగిపోయింది. గురువును కాదు, ఇన్నయ్యను చూసింది. "గ్యాసే కదా, డాక్టరు బాబూ? మీరే అన్నారుగా?"

ఇన్నయ్య గురువు వెనకే గుమ్మం దిగాడు.

వీధిలోకి వచ్చాక అడిగాడు: "తమ లెక్క తప్పా, గురువుగారూ?"

"లెక్క సరైనదే. ఒక్కో క్యాన్సరు రోగి పేరూ రాసుకోవడానికి ఆ ఇళ్లకు వెళ్లింది నేనే కదా. ప్రతి ఇంట్లోనూ గూట్లో ఖాళీ అయిన గ్యాస్ మాత్రల అట్టలు కనిపించేవి."

ఇన్నయ్య మళ్లీ అడిగాడు. "చౌడయ్యకు ఇంకా వేళ మించిపోలేదంటారా?"

గురువు నడక ఆపలేదు.

"మొదటి ముడి నాడు అడిగి ఉంటే చెప్పేవాణ్ణి, నాయనా" అన్నారు.