పాణి వదిలిన జెండా కర్ర

నిడదవోలులో పినాకపాణి అనే యువకుడు ఉండేవాడు. మనసు వెన్నలాంటిదే గానీ, ఏ పనినీ ఇంకొకరి చేతికి వదిలేసి నిమ్మళంగా కూర్చోలేకపోయేవాడు.

బస్టాండు పక్కన అతనికి చిన్న సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉండేది. వారమంతా పగిలిన అద్దాలు మారుస్తూ, నీళ్ళలో పడిన ఫోన్లకు ప్రాణం పోస్తూ గడిపేవాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ దాటగానే షట్టరు సగం దించి, తన ఫోన్ చేతిలోకి తీసుకుని సముద్రం మీదికి వెళ్ళిపోయేవాడు. ఆ సముద్రం ‘నీలి దీవులు’ అనే ఆటలోది. అందులో తెరచాపల ఓడలు ఉండేవి, నీళ్ళ మధ్య కోటలు ఉండేవి. పొద్దు వాలితే అలల మీద కుంకుమ చల్లినట్టు ఉండేది. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒకరి గొంతు ఒకరు వింటూ జట్లు కట్టి ఆడేవారు.

పాణి కట్టిన జట్టు పేరు ‘చుక్కల రేవు’. అలాంటి జట్టు ఆ సముద్రంలో మరొకటి లేదని అందరూ చెప్పుకునేవారు. మిగతా చోట్ల కొత్తగా వచ్చినవాళ్ళని ఏడిపించేవారు, నోటికొచ్చిన బూతులు తిట్టేవారు. చుక్కల రేవులో ఎవరైనా బూతు మాట్లాడితే ఆ రోజుకి వాళ్ళ ఓడ ఒడ్డునే ఉండిపోవాలి. కొత్తవాళ్ళకు పాణి పక్కనే ఉండి, చిన్నపిల్లాడికి సైకిలు నేర్పినంత ఓపిగ్గా చుక్కాని తిప్పడం నేర్పేవాడు. అందుకే అక్కడికి ఆడపిల్లలు కూడా జంకు లేకుండా వచ్చేవారు. బొబ్బిలిలో కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టే అలివేలు అలా వచ్చినదే.

ఆ ఆటలో నాయకుడి ఓడ మీద జెండా ఉంటుంది. జెండా ఎవరిదైతే మాట వాళ్ళది. చుక్కల రేవులో దానితోపాటు ఇంకో ఆచారం కూడా ఉండేది. యుద్ధానికి బయల్దేరే ముందు పాణి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, “తిన్నారా?” అని అడిగేవాడు. తినకుండా ఎవరూ ఓడ ఎక్కకూడదని అతను పెట్టిన నియమం. కరీంనగర్ మల్లేశం అయితే, మా అమ్మ కూడా ఇన్నిసార్లు అడగదని నవ్వేవాడు. నవ్వినా, ఆ పిలుపు కోసమే అందరూ పెందలాడే వచ్చి కాచుకుని ఉండేవారు.

అంత ప్రేమ ఉన్నా, పాణి గుణం ఊరుకోనిచ్చేది కాదు. ఎవరు ఎడమ ఉండాలో, ఎవరు కుడి ఉండాలో అతనే చెప్పేవాడు. ఎవరి తెరచాపకు ఏ రంగు వేయాలో కూడా అతనే చెప్పేవాడు. ఎవరైనా సొంతంగా ఒక అడుగు వేయబోతే, “ఆగు, నేను చూసుకుంటా” అనేవాడు. రానురాను అందరికీ ఆగడమే అలవాటైపోయింది.

ఒక ఆదివారం చుక్కల రేవు ముత్యాల కోట మీదికి బయల్దేరింది. ఆ కోట గెలవాలని వాళ్ళు ఎన్నాళ్ళుగానో కలలు కంటున్నారు. ఓడలన్నీ కోట ముందుకి చేరేసరికి నిడదవోలులో పెద్ద గాలివాన మొదలైంది. కరెంటు పోయింది, దాంతోపాటు సిగ్నలూ పోయింది. పాణి ఫోన్ పట్టుకుని షాపు ముందు వానలో అటూ ఇటూ తిరిగాడు. సిగ్నల్ గీత ఒక్కటీ రాలేదు.

వాన వెలిసి కరెంటూ సిగ్నలూ వచ్చేసరికి అంతా అయిపోయింది. కోటవాళ్ళు నిప్పు బాణాలు వేస్తుంటే చుక్కల రేవు ఓడలు కదలకుండా అలాగే నిలబడి కాలిపోయాయట. మనమే ముందుకి వెళ్దామా అని అలివేలు ఒక్కతే అడిగిందట. అన్న రానీ అని మిగతావాళ్ళు అన్నారట.

పాణిని ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా ఓదార్చారు.

“నువ్వు లేకుంటే మేం ఉత్త కట్టెలమే అన్నా,” అన్నాడు మల్లేశం. “నీళ్ళ మీద తేలుతం, అంతే.”

ఆ మాట పాణికి మొదట తీయగా తగిలింది. షాపు మూసి ఇంటికి నడుస్తుంటే ఆ తీపి మెల్లగా చేదెక్కింది. వానకు తడిసిన రోడ్డు మీద వీధి దీపాలు చుక్కల్లా మెరుస్తున్నాయి. ఇంతమంది చురుకైనవాళ్ళని నేను కట్టెలు చేసి పెట్టానా అనుకున్నాడు. రేపు నాకు జ్వరం వస్తే? పెళ్ళయి తీరిక లేకపోతే? నాతోపాటు ఈ రేవు కూడా ఆరిపోతుందా?

తరువాతి ఆదివారం అందరూ చేరాక, జెండా దింపేస్తున్నానని చెప్పాడు. అందరూ ఒక్కసారే మాట్లాడారు. అలిగారా అన్నారు, మా తప్పేమిటన్నారు. పాణి అన్నీ విని, కోట ముందు వెళ్దామా అని అడిగే ధైర్యం ఒక్క అలివేలుకే ఉందని, జెండా ఆమెకే ఇస్తున్నానని చెప్పాడు. ఆమె వద్దు వద్దంటూనే తీసుకుంది. ఓడలన్నీ అతని ఓడ చుట్టూ గుండ్రంగా చేరాయి. ఆటలో పువ్వులు చల్లే వీలుంది. అందరూ చల్లారు. నీలి నీళ్ళ నిండా తెల్లటి పువ్వులు తేలుతుంటే, సగం దించిన షట్టరు వెనక పాణి కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంత గొప్ప పని ఎంతమంది చేయగలరు? చేతిలో ఉన్న వెలుగుని తనంతట తానే ఇంకొకరి చేతిలో పెట్టాడు. కానీ అసలు పరీక్ష అప్పుడే మొదలైందని అతనికి తెలియదు.

అలివేలు జెండా పట్టాక మొదటి ఆదివారం వచ్చింది. ఆ రోజూ ముత్యాల కోట మీదికే బయల్దేరాలి. ఆమె కూడా పేరుపేరునా పిలిచింది. అయితే తిన్నారా అని అడగలేదు.

“మల్లేశం, ఈవేళ ఏటి కూర?” అంది.

బొబ్బిలి యాసలో ఏటి అంటే ఏమిటి అని; మల్లేశానికి అది ఏటి చేపల కూరలా వినిపించి తడబడ్డాడు. తరువాత, “ఏటి కూర గాదక్కా, కోడి కూర,” అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఒకరు వంకాయన్నారు, ఒకరు నిన్నటి పప్పుచారన్నారు. మాటలు సాగుతూ ఉన్నాయి. ఆలస్యమవుతోందని పాణికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంతలో యోహాను వంతు వచ్చింది. అతను చెన్నైలో ఒంటరిగా గదిలో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాడు. ఎప్పుడూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

“కూరేం లేదక్కా,” అన్నాడు చివరికి. “బిస్కెట్లు తిన్నా.”

“బిస్కెట్లు తిండెలాగవుతాది? ఎల్లి అన్నం తినొచ్చీ. అంతవరకు ఓడలు కదలవు,” అంది అలివేలు.

అందరూ ఆగారు. పాణికి మాత్రం ఒళ్ళు మండింది. ఇలాగైతే ఎదుటివాళ్ళు కోట తలుపులు గట్టి చేసుకోరా అనుకున్నాడు. చేతులు ఊరుకోలేదు. అలివేలుకి తెలియకుండా మల్లేశానికి మెసేజ్ పెట్టాడు. కోటకు వెళ్ళే నీటిదారి రెండు పాయలుగా చీలుతుంది; ఆమె ఏం చెప్పినా సరే, నువ్వు కుడి పాయలోంచి రా అన్నాడు. ఇంకొకరికీ అలాగే పెట్టాడు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

యోహాను తిని వచ్చాక ఓడలు కదిలాయి. అందరూ ఎడమ పాయలో వెళ్ళాలని అలివేలు చెప్పింది. మల్లేశం ఓడ కుడికి తిరిగింది, దాని వెనకే ఇంకొకటి తిరిగింది. మిగిలినవాళ్ళు ఎవరి వెనక వెళ్ళాలో తెలియక పాయ మూతిలోనే ఒకరినొకరు గుద్దుకున్నారు. కోట దరిదాపులకైనా పోకుండానే ఓడిపోయారు.

ఆ వారమంతా చుక్కల రేవులో గొణుగుళ్ళు నడిచాయి. అలివేలుకి చేతకాలేదని కొందరన్నారు, పాణన్న మళ్ళీ రావాలని కొందరన్నారు. రాకపోతే వేరే జట్టుకు పోతామన్నవాళ్ళూ ఉన్నారు. పాణి నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, జెండా దానంతట అదే తిరిగి అతని ఓడ మీదికి వచ్చేస్తుంది. అతనికి అది తెలుసు. ఒక మూల ఆశ కూడా పుట్టింది.

అప్పుడు అలివేలు ఫోన్ చేసింది. వెనక కుట్టుమిషను చప్పుడు కాసేపు వినిపించి ఆగింది.

“అన్నా, మల్లేశం నాకు మీ మెసేజ్ చూపించాడు,” అంది. “ఇంకెవరికీ చెప్పొద్దన్నాను. నాకు కోపం లేదు. ఓడ నడపడం నాకు నేర్పింది మీరే కదా. కానీ ఒక్క మాట. జెండా నా చేతికిచ్చారు గానీ, కర్ర మీరు వదల్లేదు. ఇద్దరం చెరో వైపు లాగితే గుడ్డ చిరిగిపోద్ది. కావాలంటే మొత్తం తీసేసుకోండి. నేను నవ్వుతూ ఇచ్చేస్తాను. లేదంటే మొత్తం వదిలీండి.”

ఆ పిల్ల పాణి పరువు కాపాడుతూ, అతను మోయాల్సిన నింద తనే మోస్తోంది. ఇంకో సంగతి కూడా అతని గుండెలో గుచ్చుకుంది. ఇన్నాళ్ళూ తను తిన్నారా అని అడిగితే యోహాను “ఆ” అనేవాడు. అందరూ “ఆ” అనేవారు. తను ముందుకి సాగిపోయేవాడు. ఏం కూర అని అడగాలని తనకి ఒక్కసారైనా తోచిందా?

“మొత్తం వదిలేస్తానమ్మా,” అన్నాడు.

ఆ సాయంత్రమే అందరినీ పిలిచి, పాయలో ఓడలు గుద్దుకున్నది తన వల్లేనని, చాటుగా మెసేజ్‌లు పెట్టింది తనేనని చెప్పేశాడు. వేరే జట్టుకు పోతామన్నవాళ్ళు ఇంక ఆ మాట ఎత్తలేదు. పువ్వులు చల్లిన రోజుకంటే ఆ రోజే అతను వాళ్ళకి ఇంకా ఎత్తుగా కనిపించాడు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. మళ్ళీ ముత్యాల కోట. ఈసారి కూడా ఓడితే ఆట నియమం ప్రకారం ఆ ఏడాదికి ఆ కోట దారి మూసుకుపోతుంది. ఆ రోజే షాపులో ఎవరిదో అర్జెంటు ఫోన్ రిపేరు తెమలక పాణి ఆదరాబాదరాగా ఆటలోకి వచ్చి, అందరికంటే వెనక వరసలో తన ఓడ నిలబెట్టాడు. అలివేలు ఒక్కొక్కరినీ పిలుస్తూ వచ్చింది. యోహాను ఈసారి గుడ్డు పులుసు వండుకున్నానని గర్వంగా చెప్పాడు. చివర్లో ఆమె గొంతు మెత్తబడింది.

“పాణన్నా, ఏటి కూర?”

పాణి తెల్లబోయాడు. జెండా మోసినన్నాళ్ళూ అందరినీ అడిగింది అతనే. అతన్ని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అబద్ధం చెబుదామనుకున్నాడు గానీ నోటికి ఏ కూర పేరూ రాలేదు.

“ఇంకా తినలేదు,” అన్నాడు.

“అయితే ఎల్లి తినండి. తినకుండా ఓడ ఎక్కకూడదు, మీరు పెట్టిందే.”

“యుద్ధం టైమయింది కదమ్మా.”

“టైమయింది, అందుకే మేం బయల్దేరతాం. ఈ ఒక్కసారికి మీరు ఒడ్డున ఉండండి.”

మల్లేశం కిసుక్కున నవ్వాడు. “పో అన్నా, మేం జూసుకుంటం,” అన్నాడు. పాణి మాటే అతనికి తిరిగి వచ్చింది.

పాణి షట్టరు దించి ఇంటికి వెళ్ళాడు. తల్లి సుందరమ్మ కంచం పెట్టి, ఆదివారం పూట ఇంత పెందలాడే ఇంటికొచ్చావేమిట్రా, ఒంట్లో బాగానే ఉందా అని నుదురు తడిమి చూసింది. తోటకూర పప్పు వడ్డించింది. ఫోన్ పక్కన బల్ల మీద పెట్టి ఉంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలని, ఎవరు ఎటు వెళ్తున్నారో చూడాలని అతని వేళ్ళు గింజుకున్నాయి. కుడి చేతి నిండా పప్పన్నం ఉంది. ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని, ముద్ద తరువాత ముద్ద తిన్నాడు. ఆ తోటకూర అంత కమ్మగా ఉంటుందని అతనికి ఎప్పుడూ తెలియలేదు.

మజ్జిగన్నం కలుపుతుండగా ఫోన్‌లోంచి శంఖం మోగింది. కోట గెలిస్తే ఆ ఆటలో మోగే శంఖం అది. ఒక్క క్షణం గుండెలో చిన్న ముల్లు కదిలింది: నేను లేకుండానే! మరుక్షణం కంటినిండా నీళ్ళు, పెదాల నిండా నవ్వు ఒకేసారి వచ్చాయి. నేను లేకుండానే! ఏమైందిరా అని తల్లి కంగారుగా అడిగింది.

“మావాళ్ళు గెలిచారమ్మా,” అన్నాడు పాణి. “ఇంకొంచెం మజ్జిగ పొయ్యి.”

అతను చేయి కడుక్కుని ఫోన్ చూసేసరికి ముత్యాల కోట బురుజు మీద చుక్కల రేవు జెండా గాలికి ఎగురుతోంది. కింద ఓడలన్నీ ఒక ఖాళీ వదిలి వరసగా నిలబడి ఉన్నాయి. ఆ ఖాళీ వెనక వరసలో పాణి ఓడది. అతను మెల్లగా వెళ్ళి అందులో నిలబడ్డాడు.

“తోటకూర పప్పు,” అని చెప్పాడు.

నీతి: పదవిని అప్పగించినవారు దానితోపాటు పెత్తనాన్ని కూడా పూర్తిగా వదులుకోవాలి, మనం లేకపోయినా నిలబడి గెలిచేదే మనం నిజంగా కట్టినది.