తాబేలు వేసిన తాళం

ఒక అడవిలో చెరువు నీళ్లను చూసుకునే ఆఫీసు ఉండేది. తూము తలుపులు ఎత్తాలన్నా దించాలన్నా అక్కడి కంప్యూటర్లతోనే పని. పెద్ద ఆఫీసరు సింహం. గుమాస్తాలు ఎలుగుబంటి, కోతి. కంప్యూటర్ల బాగోగులు తాబేలువి.

గుమాస్తాలకు ఒక పాడలవాటు ఉంది. కంప్యూటరు తెరిచిపెట్టి టీకి పోతారు. చెప్పీ చెప్పీ తాబేలుకు నోరు నొప్పిపుట్టింది. చివరికి తన గదిలోంచే కంప్యూటర్లన్నిటికీ ఒకే కట్టుబాటు పెట్టింది: కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే తెరకు దానంతటదే తాళం పడుతుంది. మళ్లీ తెరవాలంటే ఎవరి పాస్‌వర్డ్ వాళ్లు కొట్టాల్సిందే.

కోతి ఎగిరిపడింది. "ఏం తాబేలక్కా, నువ్వు తల లోపలికి లాక్కుంటావని మా కంప్యూటర్లకీ అదే నేర్పావా? నాది నేను తీసేసుకుంటా!"

"తీసి చూడు, తమ్ముడూ."

కోతి ఎంత నొక్కినా ఆ సెట్టింగు కదల్లేదు.

సింహం తాబేలును పిలిపించింది. "అందరికీ ఉంచు. నాకు మాత్రం తీసెయ్."

కిటికీ కింద పొంచి ఉన్న నక్క ఆ మాట విని, సంబరంతో తోక ఊపుకుంటూ పోయింది. తాబేలు చెప్పిన జవాబు మాత్రం అది వినలేదు.

"అయ్యగారూ, తూములన్నీ మీ చేతిలోనే ఉన్నాయి. అందరికంటే మీకే కావాలి తాళం. నన్ను ఉద్యోగంలోంచి తీసేసినా సరే, దాన్ని మాత్రం తీయను."

సింహం గుర్రుమంది. కాస్త ఆలోచించి, "సరే, ఉండనీ" అంది.

చెరువు కింది ఎండిన కాలవలో కుందేళ్లు పిల్లల్ని పెట్టుకుని ఉంటున్నాయి. నీళ్లు వదిలితే అవి గట్టెక్కక తప్పదు. గట్టు మీద పట్టుకోవచ్చని నక్క ఎత్తు.

మర్నాడు నక్క రొప్పుతూ వచ్చింది. "బాబోయ్! కొండ వెనక చెట్టు కూలింది. ఏనుగుపిల్ల కింద పడి నలిగిపోతోంది!"

అందరూ పరుగెత్తారు. తాబేలూ బయల్దేరింది. అది మెల్లమెల్లగా గడప దాటి, మలుపు తిరిగేదాకా నక్క పొదలో పళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. తర్వాత ఒక్క దూకులో సింహం కుర్చీ ఎక్కింది.

తెరకు తాళం!

"రాజు" అని కొట్టింది. తెరుచుకోలేదు. ఎలుగు బల్ల దగ్గర "తేనె" అంది, కోతి బల్ల దగ్గర "అరటిపండు" అంది. ఊహూఁ. మళ్లీ సింహం కుర్చీలోకే వచ్చి తల పట్టుకుంది.

"ఏం నక్కా, ఏం చేస్తున్నావు?" గుమ్మంలో సింహం.

"దుమ్ము... దుమ్ము తుడుస్తున్నా, దొరా."

"దుమ్ము కోసమా, తూము కోసమా?" అంది ఎలుగు. "కొండ వెనక చెట్టూ కూలలేదు, ఏనుగుపిల్లా లేదు. కాలవ గట్టున మాత్రం నీ బావమరుదులు నోళ్లు తెరుచుకుని కాచుకున్నారు!"

సింహం నక్కను పొలిమేర దాటేదాకా తరిమింది. తిరిగొచ్చి తాబేలు ముందు తల వంచింది. "నిన్న నువ్వు నాకు భయపడి ఉంటే, ఇవాళ ఆ పసికూనలు దక్కేవి కావమ్మా."

కోతి పోయి తాబేలుకు టీ పట్టుకొచ్చింది.

నీతి: దొర కోసం వదిలిన సందే దొంగకు రాజబాట.